దవడ పక్కకు కదిలినప్పుడు పళ్ల కలయిక

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• పళ్ల కలయికను నిర్వచించగలుగుతారు.
• దవడ పక్కకు జరిగేటప్పుడు రెండు వైపులా జరిగే మార్పులను వివరించగలుగుతారు.
• ఫ్లోరోసిస్ ఉన్న పళ్లకు ఈ పరిజ్ఞానం ఎందుకు అవసరమో చెప్పగలుగుతారు.

1. పరిచయం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో గొర్రెల మందలను మీరు చూసే ఉంటారు. నెమరువేస్తున్న గొర్రెను కాసేపు గమనించండి. దాని కింది దవడ పక్కకు తిరుగుతూ మేతను నూరుతుంది. కుక్క దవడ అలా తిరగదు. అది ముఖ్యంగా తలుపు బందులాగా తెరుచుకొని మూసుకుంటుంది. మనిషి దవడ రెండు పనులూ చేస్తుంది. వేరుశనగ గింజను మొదట కొరుకుతాం, తరువాత దవడను పక్కకు కదిలిస్తూ నూరుతాం.

పై పళ్లు, కింది పళ్లు ఒకదానితో ఒకటి తాకే తీరును పళ్ల కలయిక అంటారు. వైద్యులు దీనినే అక్లూజన్ అంటారు. నోరు మూసుకొని ఊరికే ఉన్నప్పుడు పళ్లు తాకవు. వాటి మధ్య సుమారు 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు ఉంటుంది.

2. దవడ కీలులో కదలిక

చెవుల ముందు వేళ్లు ఆనించి, కింది దవడను కుడివైపు జరపండి. ఇప్పుడు కుడివైపును 'పనిచేసే వైపు' అనీ, ఎడమవైపును 'సమతుల్య వైపు' అనీ అంటారు. కింది దవడ ఎముకకు రెండు చివర్లా ఉండే గుండ్రని తలలను కాండైల్‌లు అంటారు. కుడి కాండైల్ దాదాపు ఉన్నచోటనే తిరుగుతూ కొద్దిగా బయటికి జరుగుతుంది. ఎడమ కాండైల్ ముందుకు, కిందికి, లోపలికి జారుతుంది. దవడను కుడికి నడిపేది ప్రధానంగా ఎడమవైపు లేటరల్ టెరిగాయిడ్ కండరం. ఈ పక్క జరుగుబాటును 1908లో వివరించిన బ్రిటిష్ దంతవైద్యుడు నార్మన్ బెన్నెట్ పేరిట దీనిని బెన్నెట్ కదలిక అంటారు.

3. పనిచేసే వైపు తాకిడి

ఇది ముఖ్యంగా రెండు రకాలు.

అ) రదనిక మార్గదర్శనం: కింది కోరపన్ను పై కోరపన్ను లోపలి తలం మీదుగా జారుతుంది. అప్పుడు వెనుక పళ్లన్నీ విడిపోతాయి. కోరపంటి వేరు పొడవైనది. పైగా అది నమిలే కండరాలకూ కీలుకూ దూరంగా ఉంటుంది కనుక దానిపై పడే బలం తక్కువ. ఈ విధంగా అది చర్వణకాలను పక్కఒత్తిడి నుంచి కాపాడుతుంది.

ఆ) సామూహిక తాకిడి: కోరపన్నుతో పాటు అగ్రచర్వణకాలు, ఒక్కొక్కసారి చర్వణకాలు కూడా కలిసి తాకుతాయి. బరువును అన్నీ పంచుకుంటాయి. వయసుతో కోరపన్ను అరిగినవారిలో మొదటి రకం క్రమంగా రెండో రకంగా మారవచ్చు.

4. సమతుల్య వైపు తాకిడి

సహజమైన పళ్లలో ఈ వైపు తాకిడి లేకపోవడమే మేలు. అయితే తాకిడి కనబడినంత మాత్రాన అది జబ్బు కాదు. ఎంతోమందికి అలా తాకుతున్నా ఏ బాధా ఉండదు. అరగదీసిన పింగాణి పొర తిరిగి పెరగదు కనుక, రంగు కాగితంపై మచ్చ పడిందన్న ఒక్క కారణంతో మంచి పన్నును అరగదీయకూడదు. పూర్తి కట్టుడు పళ్లకు మాత్రం రెండు వైపులా తాకిడి కావాలని అమరుస్తారు. ఒకే వైపు తాకితే ఆ పళ్లసెట్టు చిగురు మీద నుంచి లేచిపోతుంది.

5. మన ప్రాంతానికి అన్వయం

ఉమ్మడి అనంతపురం జిల్లాలో అనేక గ్రామాల భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదనీ, వేరే ఆధారం లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చనీ భారత ప్రమాణం. పళ్లు ఏర్పడే బాల్యంలో ఎక్కువ ఫ్లోరైడ్ చేరితే పింగాణి పొర సరిగా గట్టిపడదు. తీవ్రమైన ఫ్లోరోసిస్‌లో పన్ను మొలిచిన తరువాత ఆ పొర గుంటలు పడి, పెచ్చులుగా ఊడుతుంది. పక్కకు నూరే ఒత్తిడి పడేచోట అరుగుదల ఇంకా పెరుగుతుంది. నిద్రలో పళ్లు కొరికే అలవాటు తోడైతే నష్టం మరింత ఎక్కువ.

ఇటువంటి పళ్లకు తొడుగు వేయించుకుంటే నోరు మూసి చూడటంతో సరిపెట్టకండి. దవడను కుడికి, ఎడమకు జరిపి కూడా పరీక్షించమని వైద్యుణ్ణి అడగండి. నిలువుగా సరిపోయిన తొడుగు పక్క కదలికలో ఎత్తుగా తగలవచ్చు. అప్పుడు కొరికితే నొప్పి, తొడుగు ఊడటం, విరగడం వంటివి జరగవచ్చు.

6. సారాంశం

పక్క కదలికలో పనిచేసే వైపు కోరపన్ను గానీ పళ్ల సమూహం గానీ దారి చూపుతుంది. ఎదుటి వైపు పళ్లు సాధారణంగా విడిపోతాయి. పింగాణి పొర బలహీనపడిన పళ్లకు చికిత్స చేసేటప్పుడు ఈ తాకిడిని తప్పక పరిశీలించాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. దవడను ఎడమకు జరిపినప్పుడు ఏ కాండైల్ ముందుకు జారుతుంది?
2. కట్టుడు పళ్లకు రెండు వైపులా తాకిడి ఎందుకు కావాలి?
3. అద్దం ముందు దవడను నెమ్మదిగా పక్కకు జరపండి. మీది రదనిక మార్గదర్శనమా, సామూహిక తాకిడా? కారణాలతో రాయండి.