మబ్బు పట్టిన మూడు రోజులు

పోచంపాడ్‌లో కొన్న బొచ్చె, రోహు పిల్లల్ని మా పొదుపు సంఘం వాళ్లం ఊరి కుంటలో వదిలాం. నెల తిరిగేసరికి నీళ్లు ఆకుపచ్చగా మారాయి. "పచ్చగుంటెనే చేపకు తిండి పిల్లా" అంది మా అత్తమ్మ. ఆమె మాట నిజమే. ఆ పచ్చదనమంతా కంటికి ఆనని నాచు. ఎండ తగలగానే నీళ్లలోని బొగ్గుపులుసు వాయువును తీసుకుని చక్కెర చేసుకుంటుంది, ప్రాణవాయువును వదులుతుంది. మన బోధన్ చెరకు ఆకు చేసే పనే ఇదీనూ.

శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు తెల్లారుజామున చూస్తే చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. పొద్దెక్కేసరికి సగం పోయాయి. ఎవరో మందు కలిపారన్నాం. పక్క చేను వాళ్ల పేరు ముందుగా వచ్చింది నా నోటి నుంచే.

తర్వాత వచ్చిన చేపల ఆఫీసరమ్మ నీళ్లు చూసి, మందూ లేదు మాకూ లేదంది. వెలుతురు లేకపోతే నాచుకు వంట ఆగుతుంది గానీ ఊపిరి ఆగదట. జీతం రాని నెలలో ఇంటి ఖర్చు ఆగుతుందా? పగలు దాచుకున్న చక్కెరను రాత్రి ఖర్చు చేస్తూ ప్రాణవాయువును పీల్చుకుంటుంది. వరసగా మబ్బు పడితే తెల్లారేసరికి చేపలకు మిగిలేది శూన్యం. నాచు ఎంత చిక్కగా ఉంటే ముప్పు అంత ఎక్కువ.

సముద్రంలోనూ ఇలాంటి సూక్ష్మ మొక్కలే ఉన్నాయి. భూమ్మీద కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం వాటిదేనంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. అలలు వాటిని పైకీ కిందికీ తిప్పుతుంటే వెలుతురు నిమిషానికో తీరుగా ఉంటుంది. మసక వెలుతురులో ఎక్కువ రోజులుంటే పత్రహరితం పెంచుకుంటాయి. ఎండ మరీ ఎక్కువైతే, వాడుకోలేనిదాన్ని వేడిగా వదిలేస్తాయి. మన శ్రీరాంసాగర్ దాటిన గోదారి చివరికి బంగాళాఖాతంలోనే కదా కలిసేది! వానాకాలంలో నదులు మోసుకెళ్లే బురద, పైన మబ్బు కలిసి అక్కడి మొక్కలకు వెలుతురు తగ్గిస్తాయి.

ఇప్పుడు మబ్బు పడితే కుంటలో పేడ వేయం, మేత తగ్గిస్తాం. తెల్లారుజామున మోటారుతో నీళ్లు పైకి లాగి కుంటలోకే చిమ్మిస్తాం, గాలి కలవాలని.

ఆ మోటారు పక్క చేను వాళ్లదే. అడగడానికి నేనే వెళ్లాను. గడపలో నిలబడి ఏం మాట్లాడాలో తోచలేదు. ఆ వదినె "టీ తాగి తీస్కపో" అంది.