నడుము నొప్పి వెనుక దాగి ఉండే క్షయ

క్షయ అనగానే మనకు దగ్గు, తెమడ గుర్తుకు వస్తాయి. కానీ క్షయ క్రిములు రక్తం ద్వారా వెన్నుపూసలకు కూడా చేరి ఎముకను తినివేస్తాయి. అప్పుడు దగ్గు ఉండకపోవచ్చు, తెమడ పరీక్షలో ఏమీ కనిపించకపోవచ్చు.

మద్దికెర, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో మూటలు మోసేవారికి, మగ్గం నేసేవారికి నడుము నొప్పి మామూలే. అందుకే చాలామంది పసరు కట్లతో, నొప్పి మాత్రలతో నెలలు గడిపేస్తారు. పని వల్ల వచ్చిన నొప్పి సాధారణంగా విశ్రాంతితో తగ్గుతుంది. వారాల తరబడి తగ్గక, రాత్రి నిద్రలో కూడా బాధించే నొప్పిని అనుమానించాలి. సాయంత్రం జ్వరం, చెమటలు, బరువు తగ్గడం తోడైతే అసలు ఆలస్యం చేయకూడదు.

ఎలా కనుగొంటారు?

ఎముక చాలావరకు దెబ్బతిన్న తరువాతే మామూలు ఎక్స్‌రేలో తెలుస్తుంది. ఎం.ఆర్.ఐ. స్కాన్‌లో ముందుగానే తెలుస్తుంది. వీలైనప్పుడు సూదితో చిన్న ముక్క గానీ చీము గానీ తీసి పరీక్షకు పంపుతారు. అది క్షయ అవునో కాదో, రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్ష తెలుపుతుంది.

వైద్యం

పూర్వం ఇటువంటి రోగులను నెలల తరబడి మంచం మీద పడుకోబెట్టేవారు. 1970వ దశకంలో మద్రాసులో జరిగిన పరిశోధనలో, నడుస్తూ మందులు వాడిన చాలామందికి కూడా జబ్బు నయమయింది. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తరువాత మూడు రకాలు ఇస్తారు. మొత్తం కనీసం 12 నెలలు, కొందరికి 18 నెలలు వాడాలి. ప్రభుత్వం వీటిని ఉచితంగా ఇస్తుంది. పోషణకు 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇవ్వగా, 2024 నవంబరు నుండి దానిని 1000 చేశారు. మందులతో మూత్రం ఎర్రబారితే భయపడవద్దు. కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా వెంటనే చూపించుకోండి.

రెండు మూడు నెలలకే నొప్పి తగ్గుతుంది. చాలామంది అప్పుడే మందులు మానేస్తారు. సుగ్గికి గుంటూరు వైపు వెళ్లేవారు ముందుగా మందులిచ్చే సిబ్బందికి చెప్పండి. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు కొనసాగించవచ్చు.

మానేస్తే ఏమవుతుంది?

పూసలు కుంగి గూని వస్తుంది. పిల్లలలో జబ్బు నయమైన తరువాత కూడా ఎదుగుదలతో గూని పెరగవచ్చు. చీము కిందికి జారి గజ్జలో గడ్డగా కనిపించవచ్చు. వెన్నుపాము నొక్కుకుంటే కాళ్లు పడిపోతాయి. కాళ్లు తిమ్మిరెక్కినా, నడకలో తూలినా, మలమూత్రాలు పట్టు తప్పినా అదే రోజు పెద్ద ఆసుపత్రికి చేర్చండి. త్వరగా వస్తే మందులతో, అవసరమైతే ఆపరేషన్‌తో చాలామంది మళ్లీ నడుస్తారు. కాళ్లు పడిపోయిన రోగిని రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి. లేకపోతే వీపు మీద పుండ్లు పడతాయి.

వెన్నెముకకు మాత్రమే వచ్చిన క్షయ ఇతరులకు అంటదు. కాబట్టి రోగికి వేరే కంచం, వేరే గది అవసరం లేదు. రోజూ మాత్రలు వేసుకునేటట్లు చూసే మనిషి ఒకరు ఇంట్లో ఉంటే చాలు.