లోతు తక్కువ నీటిలో పడవ: జెట్ మోటారా, ప్రొపెల్లరా?

నదుల ఒడ్డున వెలసిన మన యూనిట్లలో స్టోర్స్ జాబితా చివర ఎక్కడో ఒక పడవ పేరు కనిపిస్తుంది. టర్బైనుకు, పంపుకు, ట్రాన్స్‌ఫార్మరుకు మనం చూపే శ్రద్ధలో పదోవంతు కూడా దానికి దక్కదు. వేసవిలో ఇన్‌టేక్ కాలువ లోతు కొలవవలసి వచ్చినప్పుడో, వర్షాకాలంలో వరద ముంచుకొచ్చినప్పుడో తప్ప అది ఎవరికీ జ్ఞాపకం రాదు. ఆ రెండు సందర్భాలలోను మాత్రం పిలిచిన వెంటనే కదలాలి. కదలకపోతే మొదటి సందర్భంలో పని ఆగుతుంది. రెండవ సందర్భంలో ప్రాణాలే పోవచ్చు.

గోదావరి తీరాన ఉన్న మా యూనిట్‌లో పాత పడవ మోటారును మార్చవలసిన అవసరం 2022 వరదల అనంతరం ఏర్పడింది. ఆ ఏడాది జూలైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేసే మట్టం 53 అడుగులు. 1986 ఆగస్టులో నమోదైన 75.6 అడుగుల తరువాత అంతటి వరదను ఈ తరం చూడలేదు. అదే నదిలో ఏప్రిల్ నెలాఖరుకు మోకాలి లోతు నీటిలో ఇసుక తిన్నెలను దాటుకుంటూ తిరగవలసి ఉంటుంది. ఒకే పడవ, రెండు రుతువులు, రెండు పరస్పర విరుద్ధమైన పనులు. ఏ మోటారు కొనాలో నిర్ణయించే బాధ్యతను ముగ్గురు సభ్యుల కమిటీగా మాకు అప్పగించారు. మేము ఎలా మొదలుపెట్టి, ఎక్కడ పొరబడి, చివరకు ఏ నిర్ణయానికి వచ్చామో తెలిస్తే ఇతర యూనిట్ల సహోద్యోగులకు ఉపయోగపడగలదన్న ఆశతో ఈ వ్యాసం రాస్తున్నాము.

యంత్రాలు రెండు, సూత్రం ఒకటే

అవుట్‌బోర్డ్ మోటారు అంటే పడవ వెనుక పలకకు బిగించే ఇంజను అని అందరికీ తెలిసినదే. సాధారణ మోటారులో ఇంజను శక్తి నిలువు షాఫ్టు ద్వారా క్రిందికి దిగి, గేర్ కేసులో మలుపు తిరిగి, ప్రొపెల్లర్‌ను త్రిప్పుతుంది. జెట్ మోటారులో ఆ గేర్ కేసు, ప్రొపెల్లర్ ఉండవు. వాటి స్థానంలో ఒక పంపు ఉంటుంది. జల్లెడ వంటి కడ్డీల గుండా నీటిని పీల్చి, ఇంపెల్లర్ ద్వారా వేగం పెంచి, నాజిల్ నుంచి వెనుకకు చిమ్ముతుంది. మన పంప్‌హౌస్‌లోని పంపుకు ఇది చిన్న తమ్ముడు అనుకోవచ్చు.

నీటిని వెనుకకు నెట్టి పడవను ముందుకు నడిపించడమే రెండింటి పని. ప్రొపెల్లర్ ఎక్కువ నీటిని నెమ్మదిగా నెడుతుంది. జెట్ తక్కువ నీటిని అతివేగంగా నెడుతుంది. తేడా అంతా ఇక్కడే ఉన్నది. పడవతో పోల్చి చూసినప్పుడు చిమ్మే నీటి వేగం పడవ వేగానికి రెట్టింపు అయితే ఆదర్శ సామర్థ్యం 67 శాతం. అదే అయిదు రెట్లయితే 33 శాతం మాత్రమే. అంటే పడవ బరువెక్కి నెమ్మదించిన కొద్దీ జెట్ తన శక్తిలో అధికభాగాన్ని నీటిని కలచివేయడానికే ఖర్చు చేస్తుంది. తయారీదారులు సైతం ఈ విషయాన్ని దాచరు. 40 అశ్వశక్తి ఇంజనుకు జెట్ యూనిట్ తగిలిస్తే దానిని 25 నుంచి 30 అశ్వశక్తి జెట్‌గానే పేర్కొంటారు. 60 అశ్వశక్తి ఇంజను 40గా, 90 అశ్వశక్తి ఇంజను 65గా మారుతుంది. మూడింట ఒక వంతు శక్తిని ఆదిలోనే వదులుకోవాలన్నమాట.

న్యూజిలాండు నుంచి గంగ వరకు

ఇంత నష్టం ఉన్నా జెట్‌కు ఎందుకంత ఆదరణ? ఇందుకు కారణం లేకపోలేదు. న్యూజిలాండులోని దక్షిణ ద్వీపంలో నదులు గులకరాళ్ల పరుపు మీద పాయలు పాయలుగా పలుచగా ప్రవహిస్తాయి. ప్రొపెల్లర్ అక్కడ రాళ్లకు తగిలి విరిగిపోతుంది. ఆ నదులలో ఎదురెక్కగల పడవ కోసం విలియం హామిల్టన్ అనే పశుక్షేత్ర యజమాని 1950 దశకంలో కృషి చేసి, నీటిని పడవ అడుగున కాక నీటి ఉపరితలానికి పైన వెనుకకు చిమ్మేటట్లు జెట్‌ను మెరుగుపరిచారు. 1960లో ఆయన సంస్థ పడవలు అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ గుండా కొలరాడో నదికి ఎదురెక్కాయి.

మన దేశానికి ఈ కథతో దగ్గర సంబంధమే ఉన్నది. ఎవరెస్టు వీరుడు సర్ ఎడ్మండ్ హిల్లరీ 1977లో మూడు జెట్ పడవలతో గంగాసాగర్ నుంచి బయలుదేరి, గంగానదికి ఎదురు ప్రయాణించి, హిమాలయాలలోని నందప్రయాగ సమీపంలో జలపాతం అడ్డు వచ్చే వరకు సాగారు. అవి పడవ లోపలే ఇంజను అమర్చిన జెట్లు, అవుట్‌బోర్డ్‌లు కావు. అయినా సూత్రం ఒకటే. ఈ చరిత్ర చదివిన తరువాత మా కమిటీ మనసు సగానికి పైగా జెట్ వైపే మొగ్గిందని ఒప్పుకోక తప్పదు.

ప్రచార పత్రంలో లేని లెక్క

జెట్ పడవ పది సెంటీమీటర్ల నీటిలో పోగలదని ప్రచార పత్రాలు చెబుతాయి. అది అసత్యం కాదు. కాని ఆ మాట పడవ వేగం అందుకుని నీటి ఉపరితలం మీదికి లేచి జారుతున్న స్థితికి మాత్రమే వర్తిస్తుంది. నిలిచి ఉన్న పడవ సంగతి ఏమిటి? ఇందుకు ఆర్కిమెడీస్ సూత్రం చాలు.

మా పడవ అడుగు చదునుగా ఉండే అల్యూమినియం పడవ. నీటిని తాకే అడుగు భాగం సుమారు 4 మీటర్ల పొడవు, 1.4 మీటర్ల వెడల్పు, అంటే 5.6 చదరపు మీటర్లు. పడవ, మోటారు కలిసి 250 కిలోలు, ఇంధనం, సామగ్రి 50 కిలోలు, ఎనిమిది మంది మనుషులు 560 కిలోలు. మొత్తం 860 కిలోలు. ఈ బరువుకు పడవ సుమారు 15 సెంటీమీటర్లు మునుగుతుంది. ప్రొపెల్లర్ మోటారు కాలు పడవ అడుగుకు దిగువన మరో 30 సెంటీమీటర్లు దిగుతుంది. కనుక మొత్తం 45 సెంటీమీటర్ల నీరు కావాలి. మోటారును లోతు తక్కువ స్థానానికి కాస్త పైకి వంచితే సుమారు 35 సెంటీమీటర్లతో సరిపెట్టుకోవచ్చు.

జెట్‌కు కాలు లేదు. అయినా ఆగి ఉన్నప్పుడు పీల్చే నోటికి, నది అడుగుకు మధ్య తగినంత ఎడం లేకపోతే నీటితోపాటు ఇసుకను, గులకరాళ్లను కూడా పీల్చుకుంటుంది. ఆ ఎడం కలుపుకుంటే దానికీ 30 సెంటీమీటర్లకు తక్కువ కాకుండా నీరు ఉండాలి. అంటే బరువుతో, నెమ్మదిగా పోయే పడవలో రెండింటికీ ఉన్న వ్యత్యాసం కేవలం అయిదు సెంటీమీటర్లు! ఈ లెక్క కాగితం మీద తేలిన నాడు మా ముగ్గురిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

పరీక్ష నాటి అనుభవం

లెక్కలను మాత్రమే నమ్మి నిర్ణయం చేయడం ఇంజనీరుకు తగదు. కనుక 2023 ఏప్రిల్‌లో ఒక సరఫరాదారు తెచ్చిన జెట్ మోటారును మా పడవకే బిగించి పరీక్షించాము. ఇద్దరు మనుషులతో అది నిజంగా ఎగిరినట్లే పోయింది. పాత మోటారు కాలు గీరుకుపోయే తిన్నె మీదుగా ఆగకుండా దాటింది. ఒడ్డున ఉన్నవారు చప్పట్లు కొట్టారు.

తరువాత ఎనిమిది మందిని ఎక్కించాము. పూర్తి థ్రాటిల్ ఇచ్చినా పడవ ముక్కు పైకి లేచిందే తప్ప పడవ నీటి మీదికి రాలేదు. వేగం లేనందున తిన్నె అంచున అడుగు ఒరుసుకుంది. జెట్ ఇసుకను పీల్చడం మొదలుపెట్టింది. రెండు మూడు నిమిషాలలో మోటారు ప్రక్కనుంచి సన్నని ధారగా రావలసిన శీతలీకరణ నీరు ఆగిపోయింది. ఇంజనును ఆపివేశాము. జెట్‌లో పడవ మలుపు తిరగాలన్నా నీరు చిమ్ముతూనే ఉండాలి. చుక్కాని వంటి కాలు లేదు కదా. ఇంజను ఆగగానే పడవ ప్రవాహానికి అడ్డం తిరిగి కొట్టుకుపోసాగింది. అది వేసవి ప్రవాహం కనుక మా సరంగు గెడ దించి నిలబెట్టగలిగాడు. అదే ఆగస్టు వరద అయితే ఏమి జరిగి ఉండేదో ఊహించడం కష్టం కాదు.

ఒడ్డు చేరాక సరంగు అన్న మాట మాకు ఇప్పటికీ జ్ఞాపకమే. ‘‘నీళ్లు ఎంతున్నాయో అని చూస్తున్నారండి. కింద ఏముందో కూడా చూడాలండి. గెడ దింపితే రెండూ చెబుద్దండి.’’ నలభై ఏళ్లుగా లంకల మధ్య పడవ నడిపిన మనిషి. మా నివేదికకు అసలైన శీర్షిక ఆయనే ఇచ్చారని చెప్పాలి.

అడుగున ఏమున్నది?

రాతి అడుగు ఉన్న నదిలో ప్రొపెల్లర్‌కు తగిలే దెబ్బ ఒక్కసారిగా తగులుతుంది. రెక్క వంగుతుంది లేదా గేర్ కేసు పగులుతుంది. అక్కడ జెట్‌దే పైచేయి. ఇసుక అడుగులో స్థితి తారుమారవుతుంది. ప్రొపెల్లర్ ఇసుకను తాకితే అంచులు అరుగుతాయి, రంగు పోతుంది. సాధారణంగా ప్రయాణం ఆగదు. జెట్‌లో ఇంపెల్లర్‌కు, దాని చుట్టూ ఉన్న తొడుగుకు మధ్య ఎడం సుమారు 0.8 మిల్లీమీటరు మాత్రమే. ఇసుక ఆ ఎడాన్ని పెంచుతూ పోతుంది. ఎడం పెరిగిన కొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. షిమ్‌లు మార్చి మళ్లీ సరిచేయవచ్చు. పది గంటల నడకకు ఒకసారి బేరింగుకు గ్రీజు పెట్టాలి. ఈ పనులేవీ కష్టమైనవి కావు. కాని ఏడాదిలో పది నెలలు షెడ్డులో పడి ఉండే పడవకు అవి నియమం ప్రకారం జరుగుతాయని హామీ ఇవ్వగలమా?

ఇక గుర్రపుడెక్క, నాచు, చిరిగిన వలలు, ప్లాస్టిక్ సంచులు. ఇవి రెండింటికీ శత్రువులే. ప్రొపెల్లర్‌కు చుట్టుకున్నదానిని రివర్స్ వేసి ఒక్కొక్కసారి వదిలించవచ్చు. మోటారును పైకెత్తి చేత్తో తీయవచ్చు. జెట్ నోటి కడ్డీలకు అంటుకున్న చెత్త నీటి రాకనే ఆపివేస్తుంది. వరదలో మునిగిన ఊరిలో గడ్డి, తాళ్లు, బట్టలు తేలని చోటు ఉండదు.

నీటిలో మనుషులు

ప్రొపెల్లర్ పక్షాన ఇంత చెప్పిన తరువాత దాని ప్రధాన దోషాన్ని దాచడం ధర్మం కాదు. తిరిగే రెక్కలు నీటిలో ఉన్న మనిషికి కత్తులతో సమానం. జెట్‌లో బయటకు కనిపించే రెక్కలు లేవు. ఈ ఒక్క కారణంతోనే అనేక దేశాలలో రక్షక దళాలు జెట్‌ను ఎంచుకుంటాయి. మా కమిటీలో ఒక సభ్యుడు చివరి వరకు ఈ వాదనను వదలలేదు. ఆయన వాదన సమంజసమైనదే. అయితే వదులుగా ఉన్న చీర కొంగును, తాడును జెట్ కూడా పీల్చగలదు. పైగా మనుషులను ఎక్కించుకున్న తరువాత ప్రవాహానికి ఎదురు నిలవలేని పడవ ఎక్కినవారికే ప్రమాదం.

చివరకు మేము ప్రొపెల్లర్ మోటారునే సిఫారసు చేశాము. కాని కొన్ని షరతులతో. ప్రొపెల్లర్ చుట్టూ రక్షణ వలయం ఉండాలి. దానివల్ల కొంత వేగం తగ్గుతుంది, తగ్గనివ్వండి. వలయం ఉన్నా నీటిలో మనిషి దగ్గరపడగానే ఇంజను ఆపివేయాలి, న్యూట్రల్ చాలదు. చివరి కొన్ని గజాలు గెడతోనో తెడ్డుతోనో, విసిరిన తాడుతోనో చేరుకోవాలి. నడిపేవాని మణికట్టుకు ఇంజను ఆపే తాడు కట్టి ఉండాలి. రెండు అదనపు ప్రొపెల్లర్లు, షీర్ పిన్నులు, నీటి పంపు రబ్బరు ఇంపెల్లర్ పడవలోనే ఉండాలి. ప్రతి నెలా ఒకసారి పూర్తి బరువుతో నడిపి చూసి, ఆ వివరాలు లాగ్ పుస్తకంలో రాయాలి. మా సభ్యుని అభ్యంతరాన్ని నివేదికలో యథాతథంగా చేర్చాము. ఈ షరతులలో సగం దాని ఫలితమే.

ఇతర యూనిట్లకు మా మనవి

మా నిర్ణయం మా నదికి మాత్రమే. హిమాలయ నదులలో రాళ్ల మీదుగా ఇద్దరు ముగ్గురు కొలతల నిమిత్తం వెళ్లే యూనిట్లకు జెట్ తగినది కావచ్చు. వారు పెద్ద ఇంజను తీసుకుని తేలికగా ప్రయాణించాలి. నాచు నిండిన చిల్క వంటి సరస్సులలో రెండూ పరీక్షకు నిలిచిన తరువాతనే కొనాలి. అక్కడ ఇరావాడి డాల్ఫిన్లు ఉన్నాయి కనుక రక్షణ వలయం లేని ప్రొపెల్లర్‌ను ఆలోచించనే కూడదు. బంగ్లాదేశ్ నదులలో సేద్యపు పంపు ఇంజన్లతో నడిచే నాటు పడవలను చూసినవారికి, ఖరీదైన యంత్రమే పరిష్కారం కాదన్న సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కొనే ముందు నాలుగు ప్రశ్నలకు సమాధానం రాసుకోండి. నది అడుగున ఏమున్నది? పడవ మీద అత్యధికంగా ఎంత బరువు ఉంటుంది? ఆ బరువుతో పడవ నీటి మీదికి లేవగలదా? పడవ చుట్టూ నీటిలో ఎవరుంటారు? సరఫరాదారు తన మోటారును ఇద్దరు మనుషులతో నడిపి చూపిస్తే అభినందించండి. తరువాత ఎనిమిది మందిని ఎక్కించమని అడగండి. మీ సరంగును కూడా ఆ పరీక్షకు పిలవడం మరువకండి. మేము ఆయనను మొదటి సమావేశానికే పిలిచి ఉంటే నాలుగు నెలల కాలం కలిసి వచ్చేది.