నేల మీద మంచు రాత

పైకి చూస్తే అంతా తెలుపే. కానీ ఆ తెల్లదుప్పటి తీసి చూస్తే... కింద ఆల్ప్స్ అంతటి పర్వతాలున్నాయి, సముద్రమట్టానికి మూడున్నర కిలోమీటర్లు దిగువకు దిగిన లోయలున్నాయి. వాటిని చెక్కిందీ మంచే, కొన్నిచోట్ల కాపాడిందీ మంచే. ఇప్పుడు ఆ మంచు తలరాత మాత్రం ఆ నేల చేతిలో ఉంది!

గండికోట దగ్గర పెన్నా నది కొండను నిలువునా కోసిన తీరు చూసి ఆశ్చర్యపోతాం. పారే నీటికి ఇంత బలముందా అనుకుంటాం. మరి అదే నీరు గడ్డకట్టి, కిలోమీటర్ల మందాన పేరుకుని, లక్షల ఏళ్లపాటు నేలను ఒరుసుకుంటూ కదిలితే? ఆ వింత చూడాలంటే ధ్రువాలకు వెళ్లాల్సిందే.

అంటార్కిటికాలో దాదాపు 98 శాతం నేల మంచు కిందే ఉంది. ఆ మంచు సగటు మందం రెండు కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. కొన్నిచోట్ల నాలుగున్నర కిలోమీటర్లు దాటుతుంది. ఉత్తరాన గ్రీన్‌లాండ్‌లోనూ 80 శాతం నేలది ఇదే పరిస్థితి. చూడ్డానికి ఆ మంచు కదలక మెదలక పడున్నట్టే ఉంటుంది. నిజానికి అది ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది.

నడిచే మంచు

ఏటా కురిసే మంచు అంతకుముందు కురిసిన దాని మీద పడుతుంది. కరిగే వీలు లేదు కాబట్టి పొర మీద పొర పేరుకుంటుంది. పై పొరల బరువుకు అడుగు పొరల్లోని గాలి చాలావరకు బయటికి పోయి, మెత్తటి మంచు కాస్తా రాయిలాంటి గడ్డగా మారుతుంది. మందం పెరిగేకొద్దీ అది తన బరువుకు తానే అంచుల వైపు సాగుతుంది. పెనం మధ్యలో పోసిన అట్లపిండి నలువైపులకూ పాకినట్టన్నమాట. లోతట్టు ప్రాంతాల్లో ఈ నడక ఏడాదికి కొన్ని మీటర్లే. తీరానికి చేరేసరికి మంచంతా లోయల్లోకి ఒదిగి హిమానీనదాలుగా మారి జోరందుకుంటుంది. గ్రీన్‌లాండ్‌లోని యాకబ్‌షావ్న్ హిమానీనదం 2012 వేసవిలో రోజుకు 46 మీటర్ల వేగంతో కదిలింది!

అయితే ఒట్టి మంచు రాతిని కోయలేదు. దానికి పనిముట్లు కావాలి. వాటినీ అదే సమకూర్చుకుంటుంది. పైనుంచి ఒత్తిడి, కిందనుంచి భూమి వేడి... రెండూ కలిసి మంచు అడుగున పల్చటి నీటిపొర ఏర్పడుతుంది. ఆ నీరు రాతి పగుళ్లలోకి దిగి మళ్లీ గడ్డకడుతుంది. మంచు ముందుకు కదిలినప్పుడు ఆ రాతిముక్కల్ని పెకలించి తనతో లాక్కెళుతుంది. అలా అడుగుభాగమంతా రాళ్లు పొదిగిన మంచు పెద్ద ఉప్పుకాగితంలా తయారవుతుంది. అది రాసుకుంటూ పోయిన చోటల్లా బండలు నున్నబడతాయి, గాట్లు పడతాయి. తిరగలిలో వేసినట్టు నలిగిన రాయి మెత్తటి పిండవుతుంది. హిమానీనదాల కింది నుంచి వచ్చే నీరు పాలలా కనిపించేది ఆ రాతిపిండి వల్లే.

ఆనవాళ్లు చదివితే...

నది కోసిన లోయ అడుగున ఇరుకుగా ఉంటుంది. హిమానీనదం మొత్తం లోయను నింపుకుని కదులుతుంది కాబట్టి అడుగునూ పక్కలనూ కలిపి చెక్కేస్తుంది. అందుకే అది చేసిన లోయ వెడల్పుగా తొట్టిలా ఉంటుంది. మంచు వెనక్కి తగ్గాక అలాంటి లోయల్లోకి సముద్రం చొరబడితే అవి ఫియర్డ్‌లవుతాయి. తూర్పు గ్రీన్‌లాండ్‌లోని స్కోర్స్‌బీ సుండ్ అలా పుట్టిందే. సముద్రం నుంచి దాదాపు 350 కిలోమీటర్లు లోపలికి చొచ్చుకుపోయిన ఈ ఫియర్డ్ ప్రపంచంలోని అతిపెద్ద వాటిలో ఒకటి. ఇక, తూర్పు అంటార్కిటికాలోని డెన్‌మన్ హిమానీనదం కింద ఉన్న లోయ సముద్రమట్టానికి 3,500 మీటర్ల దిగువకు ఉందని 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు లెక్కతేల్చారు. మహాసముద్రాల అడుగును మినహాయిస్తే భూమ్మీద అంత లోతైన చోటు మరొకటి లేదు.

మంచు వదిలి వెళ్లిన నేల ఎలా ఉంటుందో మన పరిశోధకులకు బాగా తెలుసు. అంటార్కిటికాలో భారత్ మొదటి స్థావరం దక్షిణ గంగోత్రిని 1980ల్లో తేలియాడే మంచు మీద కట్టారు. ఏళ్లు గడిచేకొద్దీ అది మంచులో కూరుకుపోవడంతో 1990లో వదిలేయాల్సి వచ్చింది. రెండో స్థావరం మైత్రికి మాత్రం షిర్మాకర్ ఒయాసిస్ అనే రాతినేలను ఎంచుకున్నారు. నున్నటి బండలు, మంచు మోసుకొచ్చి వదిలేసిన రాళ్లు, వందకు పైగా సరస్సులు... అక్కడ ఎటు చూసినా మంచు చేతిపనే కనిపిస్తుంది.

ఈ ఆనవాళ్లు చదవడం వచ్చాక శాస్త్రవేత్తలకు ఎండలు మండే దేశాల్లోనూ మంచు జాడలు దొరికాయి. ఒడిశాలోని తాల్చేర్ దగ్గరి వింత రాతిపొరలు మంచు మోసుకొచ్చినవేనని 1856లోనే బ్లాన్‌ఫోర్డ్ సోదరులు, థియోబాల్డ్ గుర్తించారు. అదే తాల్చేర్ శిలలు గోదావరి లోయలో బొగ్గుపొరలకు అడుగున కూడా ఉన్నాయి. దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికాతో కలిసి దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉన్నప్పుడు మన నేల మీదా మంచు నడిచిందన్నమాట!

చెక్కకుండా దాచింది

మంచు అన్నిచోట్లా నేలను అరగదీయదు. అడుగున నీటిపొర లేకపోతే అది రాతికి అతుక్కుపోతుంది. అప్పుడు దాన్ని చెక్కాల్సింది పోయి కాపాడుతుంది. 1958లో సోవియట్ శాస్త్రవేత్తలు తూర్పు అంటార్కిటికా నడిబొడ్డున మంచు మందాన్ని కొలుస్తుంటే కింద ఏకంగా ఒక పర్వతశ్రేణి బయటపడింది. ఆల్ప్స్‌ అంత ఉన్న ఆ గాంబర్ట్‌సేవ్ పర్వతాల శిఖరాలు ఇన్ని కోట్ల ఏళ్లలోనూ పెద్దగా అరగలేదు. 2023లో డెన్‌మన్ వెనక భాగంలో మరో చిత్రం వెలుగుచూసింది. ఒకప్పుడు నదులు పారిన 32 వేల చదరపు కిలోమీటర్ల నేల, కొండలూ లోయలూ సహా, కోట్ల ఏళ్లుగా మంచు కింద దాదాపు చెక్కుచెదరకుండా ఉంది.

బరువు దిగితే...

దూదిపరుపు మీద కూర్చుంటే కుంగుతుంది, లేస్తే మెల్లగా పొంగుతుంది. నేల కూడా అంతే. మూడు కిలోమీటర్ల మందాన మంచు పేరుకుంటే కింద నేల కాలక్రమంలో సుమారు కిలోమీటరు కుంగిపోతుంది. స్వీడన్‌ మీద మంచు కరిగి దాదాపు పదివేల ఏళ్లు కావస్తున్నా అక్కడి హై కోస్ట్ ఇప్పటికీ ఏటా 8 మిల్లీమీటర్లు లేస్తూనే ఉంది. ఒకప్పటి సముద్రతీరం ఇప్పుడు 286 మీటర్ల ఎత్తున కొండమీద కనిపిస్తుంది. పశ్చిమ అంటార్కిటికాలో అముండ్‌సన్ సముద్రతీరాన ఈ వేగం ఇంకా ఎక్కువ. అక్కడ ఏటా 41 మిల్లీమీటర్ల చొప్పున నేల లేస్తోందని 2018లో తేలింది.

తాను తీసుకున్న గోతిలో...

అసలు చిక్కంతా ఆ అముండ్‌సన్ తీరంలోనే ఉంది. అక్కడి త్వెయిట్స్ హిమానీనదం విస్తీర్ణంలో ఆంధ్రప్రదేశ్‌ కన్నా పెద్దది. అదంతా కరిగితే ప్రపంచవ్యాప్తంగా సముద్రమట్టం దాదాపు 65 సెంటీమీటర్లు పెరుగుతుంది. యుగాలుగా మంచు తవ్వుకుంటూ వచ్చిన అక్కడి నేల సముద్రమట్టానికి బాగా కింద ఉంది. పైగా తీరం దగ్గర మిట్టగా, లోపలికి పోయేకొద్దీ పల్లంగా ఉంది. మంచు మిట్టను పట్టుకుని ఉన్నంతవరకూ ఫర్వాలేదు. పట్టు తప్పి వెనక్కి జరిగితే మరింత మందమైన మంచు కిందికి గోరువెచ్చని సముద్రపు నీరు చేరుతుంది. అది కరిగేకొద్దీ ఇంకా వెనక్కి, ఇంకా లోతుకు... తాను తీసుకున్న గోతిలో తానే పడ్డట్టవుతుంది.

ఆ వెనకడుగు ఎంత వేగంగా పడొచ్చు? దానికీ జవాబు నేలే చెప్పింది. 2019లో ఒక రోబో జలాంతర్గామి త్వెయిట్స్ ముందు దాదాపు 700 మీటర్ల లోతున సముద్రగర్భాన్ని చిత్రించింది. అక్కడ పొలంగట్లలా వరసగా 160కి పైగా సన్నటి గట్లు కనిపించాయి. తేలుతున్న మంచు అంచు పోటుకు లేచి, పాటుకు మెత్తటి బురద మీద కూర్చున్నప్పుడల్లా ఒక గట్టు పడింది. అంటే రోజుకో గట్టు! వాటి మధ్య దూరాన్ని బట్టి లెక్కేస్తే గత 200 ఏళ్లలో ఎప్పుడో ఒకసారి ఆ మంచు ఆరునెలల లోపే ఏడాదికి 2.1 కిలోమీటర్లకు మించిన వేగంతో వెనక్కి తగ్గిందని 2022లో వెల్లడించారు. నార్వే తీరంలోని ఇలాంటి గట్లే మరో కథ చెప్పాయి. మంచుయుగం చివర్లో, చదునుగా ఉన్న నేల మీద మంచు అంచు ఒక దశలో రోజుకు 600 మీటర్లకు పైగా వెనక్కి జరిగిందని 2023లో బయటపడింది. ఎక్కడ మిట్ట అడ్డుకుంటుంది, ఎక్కడ చదునుగా జారిపోతుందన్నదే ఇప్పుడు కీలకం. శాస్త్రవేత్తలు విమానాల నుంచి రాడార్లతో మంచు అడుగును అంగుళం అంగుళం చదివే ప్రయత్నం చేస్తున్నది అందుకే.

ఎక్కడో దక్షిణ ధ్రువం దగ్గర మంచు కరిగితే మనకేమిటి అనుకోవడానికి లేదు. భారీ మంచుపలక తన ఆకర్షణ శక్తితో చుట్టూ ఉన్న సముద్రజలాన్ని దగ్గరకు లాక్కుని ఉంచుతుంది. అది కరిగితే ఆ పట్టు సడలి, అక్కడి నీరు దూరప్రాంతాలకు తరలిపోతుంది. అందుకే పశ్చిమ అంటార్కిటికా మంచు కరిగితే ఆ ఖండం పక్కన సముద్రమట్టం తగ్గుతుంది. హిందూ మహాసముద్రంలో మాత్రం సగటు కన్నా ఎక్కువ పెరుగుతుంది. కోనసీమ, దివిసీమలాంటి పల్లపు నేలలకు ఎంత గడువుందన్నది చాలావరకు ఆ మంచు కిందున్న మిట్టపల్లాల మీదే ఆధారపడి ఉంది.