ఊరు మారితే ఉపకార వేతనం ఎవరిస్తారు? రాయ్‌పుర్ తెలుగు కుటుంబాల చిక్కుముడి

రాయ్‌పుర్: దేవేంద్ర నగర్‌లో స్థిరపడిన షెడ్యూల్డ్ కులానికి చెందిన ఒక తెలుగు కుటుంబం, కళాశాలలో చేరబోయే బిడ్డకు ఉపకార వేతనం కోసం దరఖాస్తు చేస్తోందనుకుందాం. మార్కుల జాబితా, ఆదాయ పత్రం, ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా సిద్ధం చేసుకోవడం కష్టమేమీ కాదు. అసలు చిక్కు కుల ధ్రువీకరణ పత్రం దగ్గర మొదలవుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో అది కావాలంటే, 1950 ఆగస్టు 10 నాటికే కుటుంబం ఈ ప్రాంతంలో నివసించినట్లు నిరూపించాలి.

షెడ్యూల్డ్ కులాలపై రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడిన రోజు అది. షెడ్యూల్డ్ తెగలకు 1950 సెప్టెంబరు 6, ఇతర వెనుకబడిన తరగతులకు 1984 డిసెంబరు 26 ప్రమాణ తేదీలు. రాష్ట్రం ఏర్పడింది 2000 నవంబరు 1న అయినా, ఉమ్మడి మధ్యప్రదేశ్ నాటి ఈ గడువులే కొనసాగుతున్నాయి.

రుజువుగా సాధారణంగా అడిగేవి 'మిసల్' అనే పాత భూ బందోబస్తు రికార్డులు, పాఠశాల ప్రవేశ రిజిస్టర్లు. పొలం ఉన్న గ్రామీణ కుటుంబానికి ఇవి దొరకవచ్చు. రైల్వేలోనో భిలాయి ఉక్కు కర్మాగారంలోనో ఉద్యోగానికి వచ్చి, క్వార్టర్లలోను అద్దె ఇళ్లలోను బతికిన వారికి భూమి రికార్డు ఎక్కడి నుంచి వస్తుంది? పైగా భిలాయి కర్మాగారం పుట్టిందే 1950ల మధ్యలో. ఆ పని కోసం వలస వచ్చినవారు ఎంత వెదికినా 1950 నాటి స్థానిక కాగితం చూపలేరు.

ఈ ప్రశ్నపై సుప్రీంకోర్టు 1990లోనే తీర్పు ఇచ్చింది. ఆ వ్యాజ్యం వేసింది కూడా తెలుగు విద్యార్థే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా చిన్నతనంలోనే బొంబాయి చేరిన మర్రి చంద్రశేఖరరావు, ఆంధ్రప్రదేశ్‌లో తమకున్న షెడ్యూల్డ్ తెగ హోదాతో అక్కడి వైద్య కళాశాలలో సీటు కోరారు. సొంత రాష్ట్రంలోని హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో వర్తించదని రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఏ కులం ఎంత వెనుకబడిందన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుందని, జాబితాలు 'ఆ రాష్ట్రానికి సంబంధించి' రూపొందినవని దాని తర్కం. 2018లో బీర్ సింగ్ కేసులో మరో రాజ్యాంగ ధర్మాసనం ఇదే సూత్రాన్ని సమర్థించింది.

కేంద్ర హోంశాఖ 1985 నాటి ఉత్తర్వు సారాంశం కూడా ఇదే: వలసతో హోదా పోదు, కానీ ప్రయోజనాలు మూల రాష్ట్రం నుంచే పొందాలి. కాగితంపై ఇది సబబుగానే కనిపిస్తుంది. అయితే షెడ్యూల్డ్ కులాల పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాన్ని, విద్యార్థి శాశ్వత నివాసం ఉన్న రాష్ట్రమే మంజూరు చేయాలి. కుటుంబ వార్షికాదాయం రూ.2.5 లక్షలు మించకూడదు. వ్యయంలో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. రాష్ట్రం తన వాటా విడుదల చేశాకే కేంద్ర వాటా విద్యార్థి ఖాతాకు చేరుతుంది. రాయ్‌పుర్‌లో పుట్టి పెరిగిన మూడో తరం బిడ్డకు, తాతగారి ఊళ్లో శాశ్వత నివాసం ఉందని ఏ తహసీల్దారు రాసిస్తారు? ఇక్కడ కులపత్రం లేదు, అక్కడ నివాసం లేదు. నిబంధనలు విడివిడిగా సక్రమమే. కలిసినప్పుడే కుటుంబం నడుమన చిక్కుకుంటోంది.

కులపత్రంతో నిమిత్తం లేని మార్గాలూ కొన్ని ఉన్నాయి. పన్నెండో తరగతిలో తమ బోర్డు విద్యార్థుల్లో 80వ పర్సంటైల్ దాటి, కుటుంబ ఆదాయం రూ.4.5 లక్షల లోపు ఉన్నవారు కేంద్ర ప్రభుత్వ ప్రతిభా ఉపకార వేతనానికి జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ఏటా 82,000 మందికి కొత్తగా ఇచ్చే ఈ పథకంలో డిగ్రీ స్థాయిలో ఏడాదికి రూ.12,000 అందుతుంది. ప్రైవేటు కళాశాల ఫీజు ముందు ఇది చిన్న మొత్తమే.

రెండోది రుణం. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద, ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారికి పూచీకత్తు, హామీదారు లేకుండా బ్యాంకులు అప్పు ఇవ్వాలి. కేంద్ర సంస్థ అయిన రాయ్‌పుర్ ఎన్‌ఐటీ కూడా ఈ పథకం పరిధిలోకి వస్తుంది. ఆదాయం రూ.8 లక్షల లోపు ఉంటే, రూ.10 లక్షల వరకు రుణంపై మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఇతర ప్రభుత్వ ఉపకార వేతనం పొందుతున్నవారికి మాత్రం ఈ రాయితీ వర్తించదు. కాబట్టి ఏది కోరుకోవాలో కుటుంబం ముందే లెక్క వేసుకోవాలి.