మందగించిన ల్యాప్‌టాపు – హార్డ్ డిస్కు మార్పిడి

మలక్‌పేట దాటి, మూసారాంబాగు మీదుగా దిల్‌సుఖ్‌నగరు చేరి, అచ్చటినుండి చైతన్యపురి, కొత్తపేటల గుండ ఎల్.బి.నగరు కూడలివరకు సాగు రాజమార్గమునకు, 2018 సెప్టెంబరు 24వ తేదీనుండి మెట్రో రైలు తలమీదుగా నడచుచున్న ఆ మార్గమునకు, ఇరుప్రక్కల శిక్షణాలయముల బోర్డులును వసతిగృహముల బోర్డులును ఎడము లేకుండ వరుస తీరియుండును. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము, మహబూబ్‌నగరు ప్రాంతములనుండి జావా, పైథాను నేర్చుకొనుటకో, గ్రూప్స్ పరీక్షలకు చదువుకొనుటకో వచ్చిన యువతీయువకులు ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు చొప్పున సర్దుకొని కాలము గడపుచు, తమతో తెచ్చుకొనిన వస్తువులలో మిక్కిలి విలువైనదిగా ఒక ల్యాప్‌టాపును కాపాడుకొనుచుందురు. అది చాలసార్లు అన్నయో అక్కయో వాడి ఇచ్చినది. కానిచో సెకండ్ హ్యాండులో కొన్నది.

ఇట్టి ల్యాప్‌టాపును గూర్చి వినవచ్చు ఫిర్యాదు ఒక్కటే. స్విచ్చి నొక్కి, స్నానము చేసి వచ్చినను తెర సిద్ధముగా నుండదు. బ్రౌజరు తెరచినచో హ్యాంగ్ అగును. క్లాసులో అయ్యవారు మూడవ ప్రోగ్రాములో ఉండగా ఈ విద్యార్థికి మొదటిది తెరచుకొనుచుండును. స్నేహితుడు "ఫార్మాట్ కొట్టించు" అనును. మరియొకడు "ర్యామ్ వేయించు" అనును. ఇంకొకడు "అమ్మేసి కొత్తది తీసుకో" అనును. మొదటి ఉపాయము కొన్ని వారములు పనిచేసి ఊరుకొనును. రెండవది కొంత మేలు. మూడవది తండ్రిచేత అప్పు చేయించును. వీరెవ్వరును రోగస్థానమును చూడలేదు. అయిదారేండ్ల క్రిందటి ల్యాప్‌టాపు మందగించుటకు, దాని ప్రాసెసరు ముసలిదగుట చాల సందర్భములలో కారణము కాదు. దాని హార్డ్ డిస్కు తిరుగుడు డిస్కగుట కారణము. ఆ ఒక్క అంగమును మార్చినచో మిగిలిన యంత్రము మరికొన్ని సంవత్సరములు హాయిగా సేవ చేయగలదు. ఈ మాట తెలియక పనికివచ్చు యంత్రములను తుక్కు ధరకు అమ్ముకొనుచున్న వారిని చూచినప్పుడు నాకు నిజముగా బాధ కలుగును.

సంప్రదాయపు ల్యాప్‌టాపు హార్డ్ డిస్కు రెండున్నర అంగుళముల కొలత గల లోహపు పెట్టె. దానిలో అయస్కాంతపు పూత గల నున్నని పళ్లెములు నిమిషమునకు 5400 మారులు తిరుగుచుండును. వాటిని తాకకుండ, కొద్ది నానోమీటర్ల ఎత్తున, ఒక సన్నని చేతికొనయందలి ముల్లు తేలియాడుచు, అడిగిన సమాచారము ఏ వలయమున కలదో ఆ వలయమునకు జరిగి, ఆ చోటు తన క్రిందికి తిరిగి వచ్చువరకు వేచి, అటుపిమ్మట చదువును. ఒక ప్రదక్షిణమునకు 11 మిల్లీసెకన్లు. సగటున అందులో సగము వేచియుండవలెను. చేయి జరుగుటకు ఇంకొక 12 మిల్లీసెకన్లు. వెరసి ఒక్కొక్క కోరికకు దాదాపు 17. మన కంటికి ఇది రెప్పపాటుకంటెను స్వల్పమే. కాని సెకనుకు 200 కోట్ల స్పందనములతో నడచు ప్రాసెసరునకు ఆ వ్యవధి మూడు కోట్ల స్పందనములకు మించిన కాలము. పెండ్లిపందిట వంట సిద్ధమై, విస్తళ్లు వేసి, బంతి నిండ జనము కూర్చుండిన పిమ్మట, వడ్డించువాడొక్కడే యై, ఈ కొసన పప్పు అడిగినవారికి పప్పు వేసి, ఆ కొసన మజ్జిగ అడిగినవారికొరకు పరుగెత్తి, మరల ఈ కొసకు ఉప్పు పట్టుకొని వచ్చుచున్నచో, లోపల ఎంతటి నలభీములు ఉన్నను బంతి లేవదు.

ఒకే పెద్ద సినిమాను మొదటినుండి తుదివరకు చదువుమన్నచో ఈ డిస్కు సెకనుకు 100 మెగాబైట్ల వరకు అందించి మెప్పించును. కాని విండోసు తెరచుకొనుట అట్టి పని కాదు. వేల కొలది చిన్న చిన్న ఫైళ్లు, పళ్లెము మీద వేర్వేరు చోట్ల ఉన్నవి, ఒకదాని వెంట నొకటి కావలసివచ్చును. అప్పుడు అదే డిస్కు సెకనుకు ఒక మెగాబైటు కూడ ఇయ్యలేక తడబడును. దానికి తోడు అప్‌డేట్లు దిగుట, వైరసు పరీక్ష, ఫైళ్ల సూచిక కట్టుట అన్నియు ఒకేమారు పైన పడును. టాస్కు మేనేజరు తెరచి చూచినవారికి ప్రాసెసరు పది, పదిహేను శాతము దగ్గర విశ్రమించుచుండగా, డిస్కు మాత్రము 100 శాతమని చూపుచుండుట కనబడును. కొనుటకు, అమ్ముటకు పూర్వము ప్రతివారును చేసికొనదగిన రోగనిర్ణయము ఇదియే. దీనికి రూపాయి ఖర్చు లేదు.

ఈ తిరుగుడు పళ్లెమును తక్కువ చేసి మాటాడుట నా యుద్దేశము కాదు. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన మొదటి డిస్కు యంత్రము రామాక్ అనుదానిలో 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్లెములు ఉండెడివి. టన్నుకు మించిన ఆ కాయము దాచగలిగినది 50 లక్షల అక్షరములు మాత్రమే. అటువంటిది అరచేతిలో ఇమిడి లక్షకోట్ల అక్షరములు దాచు స్థితికి వచ్చుట వెనుక గొప్ప భౌతికశాస్త్రము కలదు. 1988లో ఆల్బెర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బెర్గ్ వేర్వేరుగా కనుగొనిన బృహత్ అయస్కాంత నిరోధ ప్రభావమే ఆ ముల్లును అంత సూక్ష్మగ్రాహి నొనర్చినది. అందులకే వారికి 2007లో నోబెల్ బహుమానము లభించినది. దాచుటలో ఆ పళ్లెము సాధించినదానికి హద్దు లేదు. వెదకుటలో మాత్రము అది చక్రమునకు, చేతికి కట్టుబడియున్నది.

ఆ డిస్కునకు బదులుగా పెట్టదగిన ఎస్‌ఎస్‌డి (సాలిడ్ స్టేట్ డ్రైవు) యందు చక్రమును లేదు, చేయియు లేదు. 1967లో బెల్ ప్రయోగశాలలలో డావన్ కాంగ్, సైమన్ జీ అను శాస్త్రజ్ఞులు, నలుప్రక్కల బంధకముచే చుట్టబడిన సూక్ష్మమైన పలుకులో విద్యుదావేశమును బంధించినచో, కరెంటు తీసివేసినను అది నిలిచియుండునని చూపిరి. జపానులోని తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా ఆ సూత్రముపై ఫ్లాష్ మెమొరీని నిర్మించి, 1987లో నేడు ప్రపంచమంతయు వాడుచున్న నాండ్ రూపమును లోకమునకు పరిచయము చేసెను. ఆ పలుకులో ఆవేశమున్నచో ఒక అర్థము, లేనిచో మరొక అర్థము. చదువుటకు ఎచ్చటికిని జరుగనక్కరలేదు. అందుచేత 17 మిల్లీసెకన్లు పట్టిన పని ఒక మిల్లీసెకనులో పదియవ వంతున, అంతకు లోపున ముగియును. 1991లో, నేడు శాన్‌డిస్కుగా ప్రసిద్ధమైన సంస్థ 20 మెగాబైట్ల ఎస్‌ఎస్‌డిని దాదాపు 1000 డాలర్లకు అమ్మెను. నేడు దానికంటె పదివేల రెట్లు పెద్దవి విద్యార్థులు కొనదగిన వెలకు దొరకుచున్నవి.

కొనుటకు దుకాణమునకు పోవునాటికి ఒక భేదము తెలిసియుండవలెను. పాత హార్డ్ డిస్కు ఉన్నచోటనే, అదే కొలతలో, సాటా అను అదే కనెక్టరు ముఖముతో అమరునది ఒక రకము. ఇది సెకనుకు 550 మెగాబైట్ల వరకు పోవును. చూయింగ్ గమ్ బిళ్లవలె సన్నగా, 22 మిల్లీమీటర్ల వెడల్పు, సాధారణముగా 80 మిల్లీమీటర్ల పొడవు గల ఎం.2 అనునది రెండవ ఆకారము. ఈ రెండవదానిలో మరల సాటా భాష మాటాడునవి కలవు, ఎన్‌వీఎంఈ భాష మాటాడునవి కలవు. చూపునకు రెండును కవలలే. 2011లో నిర్ణయింపబడిన ఎన్‌వీఎంఈ పద్ధతి సెకనుకు 3000 మెగాబైట్లు దాటగలదు; కాని సాటా మాత్రమే ఎరిగిన స్లాటులో దానిని పెట్టినచో ల్యాప్‌టాపు దానిని గుర్తింపనే గుర్తింపదు. కావున ల్యాప్‌టాపు అడుగుభాగమున గల మోడల్ సంఖ్యను వ్రాసికొని, దానికి ఏది సరిపడునో రూఢి చేసికొనిన పిమ్మటనే, దిల్‌సుఖ్‌నగరు దుకాణములకైనను సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరునకైనను పోవలెను. తిరుగుడు డిస్కునుండి సాటా ఎస్‌ఎస్‌డికి మారినప్పుడు కలుగు సుఖము మహత్తరము. సాటానుండి ఎన్‌వీఎంఈకి మారినప్పుడు చదువుకొను విద్యార్థికి, లెక్కలు వ్రాసికొను వ్యాపారికి తెలియు తేడా స్వల్పము. పాత యంత్రమునకు ఎక్కువ వేగము గలదని ఎక్కువ వెల పెట్టనక్కరలేదు. మిగిలిన సొమ్ముతో నాలుగు జీబీల ర్యామును ఎనిమిది చేయించుట మేలు. ర్యాము చాలనప్పుడు యంత్రము మరల డిస్కునే ఆశ్రయించును గదా.

మరి కొన్ని చవక ల్యాప్‌టాపులలో నిల్వ చిప్పు మదర్‌బోర్డునకే అతుకబడియుండును. ఈఎంఎంసీ యని దానికి పేరు. వాటికి ఈ చికిత్స లేదు.

ఎస్‌ఎస్‌డి వ్రాతకు అరిగిపోవునని ఒక భయము జనులలో కలదు. భయము అసత్యము కాదు. ఆవేశమును పలుమారులు ఎక్కించి దింపుటచే ఆ బంధకపు పొర క్షీణించును. కాని లెక్క చూడుడు: మంచి కంపెనీల 500 జీబీ ఎస్‌ఎస్‌డికి 300 టెరాబైట్ల వ్రాతవరకు హామీ ఇచ్చుట వాడుక. దినమునకు 20 జీబీలు వ్రాసినను ఆ కోటా తీరుటకు 40 ఏండ్లు పట్టును. ఇంకొక అనుమానము, 500 జీబీ అని కొన్నది తెరమీద 465 గా కనబడుట. దుకాణదారుడు మోసగించలేదు, తయారీదారు వేయి చొప్పునను, విండోసు 1024 చొప్పునను లెక్కించుటవలన కలిగిన తేడా యది. 256 జీబీ యైనచో 238 అని చూపును.

ఇక మార్పిడి. విప్పుటకు ముందు డేటాను వేరొకచోట భద్రపరచుకొనవలెను. ఈ మాట ఎన్నిమారులు చెప్పినను చాలదు. బిట్‌లాకరు తాళము వేయబడియున్నదేమో చూచి, రికవరీ కీని కాగితముపై వ్రాసికొనవలెను. పిమ్మట రెండు మార్గములు. క్రొత్త ఎస్‌ఎస్‌డిలో విండోసును మొదటినుండి ఎక్కించుట ఒకటి. పాత డిస్కును ఉన్నదున్నట్లుగా, యూఎస్‌బీ కేబులు సాయమున, క్రొత్తదానిపైకి క్లోనింగ్ చేయుట రెండవది. సంవత్సరముల చెత్త పేరుకొనిన విద్యార్థి ల్యాప్‌టాపునకు మొదటిదే ఆరోగ్యకరము. యంత్రము అదియే గనుక, విండోసు లైసెన్సు మదర్‌బోర్డును గుర్తించి, ఇంటర్నెట్టు తగిలినంతనే తనంత తానుగా చెల్లుబాటగుట సామాన్యము.

కాని ఈ ప్రాంతముననే మరియొక జాతి యంత్రములు కలవు. పెండ్లి శుభలేఖలు, కరపత్రములు, కోచింగ్ సెంటర్ల నోట్సు, గృహప్రవేశ ఆహ్వానములు దించు డీటీపీ సెంటర్లలో, పేజ్‌మేకరును, 'అను స్క్రిప్టు' అనెడి తెలుగు టైపింగు సాఫ్ట్‌వేరును నమ్ముకొని ఏండ్ల తరబడి పనిచేయుచున్న కంప్యూటర్లవి. వాటిలో ఆ కీబోర్డు అమరిక, ఆ ఫాంట్లు, ఇరువది ఏండ్లుగా కూర్చిన శుభలేఖల నమూనాలు ఒకదానితో నొకటి పెనవేసికొని యుండును. అట్టివానిని ఫార్మాట్ చేసి మరల నిలబెట్టుట ఎంత శ్రమయో ఆపరేటర్లకే తెలియును; యూనికోడు రాకముందటి ఆ ఫాంట్లు లేనిచో పాత ఫైళ్లలోని తెలుగు ఒక్క అక్షరమైనను చదువరాదు. వీరు క్లోనింగునే ఎన్నుకొనవలెను; క్లోనింగు జరిగిన పిమ్మట నాలుగు పాత ఫైళ్లు తెరచి, అచ్చు వేసి చూచినగాని పాత డిస్కును కదలింపరాదు. తెలుగు ముద్రణలో ఎంత భాగము ఈ చిన్న గదులలోని తిరుగుడు డిస్కులపై ఒంటిప్రతిగా పడియున్నదో తలచుకొనిన భయము వేయును.

విప్పుట కష్టము కాదు, ఓర్పు కావలెను. ఛార్జరు తీసి, ఊడదీయదగిన బ్యాటరీ యైనచో దానిని తీసి, కాకున్నచో మూత తెరచినంతనే బ్యాటరీ తీగను విడదీసి, చేతియందలి స్థిరవిద్యుత్తు పోవుటకై ఒక లోహపు వస్తువును తాకి పని ప్రారంభింపవలెను. అడుగు మూత స్క్రూలు పొట్టివి, పొడుగువి వేర్వేరుగా నుండును. ఏ చోటిది ఆ చోటనే గుర్తుగా పెట్టుకొననిచో, పొడుగుది పొట్టిదాని చోట బిగించి పై భాగమును పగులగొట్టుట జరుగును. హార్డ్ డిస్కును బంధించిన లోహపు చట్రమును దానినుండి విడదీసి క్రొత్తదానికి తొడిగి, ముఖమునకు ముఖము నెమ్మదిగా జరిపినచో చాలు. పాత ల్యాప్‌టాపులలో డీవీడీ డ్రైవు ఉన్నచో దానిని తీసి, ఆ స్థలమున క్యాడీ అను చట్రమును పెట్టించి పాత డిస్కును కూడ లోపలనే ఉంచుకొనవచ్చును, క్యాడీ 9.5, 12.7 మిల్లీమీటర్ల మందములలో దొరకును గనుక కొలిచి కొనవలెను.

ఈ మార్పిడి చేయజాలని దొక్కటి కలదు. విండోసు 10 కు మైక్రోసాఫ్టు 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగించినది. విండోసు 11 కోరు ప్రాసెసరు, భద్రతా చిప్పు లేని పాత యంత్రమునకు ఎంత వేగవంతమైన ఎస్‌ఎస్‌డి వేసినను ఆ యోగ్యత రాదు. ప్రోగ్రామింగు నేర్చుకొనువారికి లినక్సు చక్కని మార్గము. తెలుగులోనే మెనూలు గల లినక్సును మన హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు రూపొందించియున్నారు.

దుకాణములో పని చేయించుకొనువారు పాత డిస్కును అడిగి తీసికొనవలెను. డిలీట్ చేసినను, త్వరితముగా ఫార్మాట్ చేసినను పళ్లెముపై వ్రాత చెరిగిపోదు. ఆధారు ప్రతులు, బ్యాంకు కాగితములు, ఇంటివారి ఛాయాచిత్రములు అందులో చదువదగినట్లే యుండును. దానిని ఒక యూఎస్‌బీ పెట్టెలో అమర్చుకొనినచో అదియే బ్యాకప్పునకు పనికివచ్చును. ఎస్‌ఎస్‌డి కరెంటు లేకుండ ఏండ్ల తరబడి బీరువాలో ఉన్నచో ఆవేశము జారిపోవు ప్రమాదము కలదు గాని, ఈ పళ్లెమునకు ఆ బెడద చాల తక్కువ. ఎస్‌ఎస్‌డి పాడగునపుడు తిరుగుడు డిస్కువలె టిక్కుటిక్కుమని ముందుగా హెచ్చరింపక ఒక్కుమ్మడి మౌనము వహించుట కలదు. అందుచేత నెలకొకమారైనను ఆ పాత డిస్కును తగిలించి, క్రొత్తగా వ్రాసికొనిన ప్రోగ్రాములను, నోట్సును దానిపైకి ఎక్కించుచుండవలెను.