పన్నెండో ఏట జట్టు లేకపోతే

ప్రపంచంలో ఆ ఏటి మేటి ఫుట్‌బాల్ క్రీడాకారిణికి ఇచ్చే బాలన్ డోర్ అవార్డు 2021 నుంచి 2025 దాకా వరుసగా ఐదుసార్లు ఒకే క్లబ్ క్రీడాకారిణులకు దక్కింది. మొదటి రెండుసార్లు అలెక్సియా పుతెయాస్, ఆ తర్వాత మూడుసార్లు ఐతానా బొన్మాతీ. ఇద్దరూ స్పెయిన్‌లోని కతలోనియా ప్రాంతంలో పుట్టినవాళ్లే, ఇద్దరూ బార్సిలోనాకు ఆడినవాళ్లే. ఇంత చేసిన ఆ క్లబ్ వీళ్లలో ఒకరిని చిన్నప్పుడే చేజార్చుకుందంటే నమ్మడం కష్టం.

అలెక్సియా బార్సిలోనా పిల్లల జట్టులో చేరేనాటికి ఆమెకు పదకొండేళ్లు. ఒక సీజన్ ఆడిందో లేదో, క్లబ్ వయసులవారీ జట్లను మార్చేసింది. ఆమె ఈడు అమ్మాయిలకు జట్టంటూ లేకుండా పోయింది. చేసేదిలేక అదే ఊరి ప్రత్యర్థి ఎస్పాన్యోల్‌కు వెళ్లింది. అక్కడ పెరిగి, లెవాంతేకు ఒక ఏడాది ఆడి, 2012లో మళ్లీ బార్సిలోనా గడప తొక్కింది. తర్వాత ఆ జట్టుకే కెప్టెన్ అయింది. ఆ పిల్లలో ఏ లోపమూ లేదు. లేనిదల్లా ఆమె వయసుకు తగిన జట్టు. మధ్యలో ఎస్పాన్యోల్ లేకపోతే ఆమె ఆట ఏమయ్యేదో!

అమ్మాయిల ఫుట్‌బాల్ గురించి మాట్లాడేటప్పుడు ప్రతిభ, పట్టుదల అంటాం. బార్సిలోనా కథ దగ్గరగా చూస్తే అసలు చిక్కు ఇంకెక్కడో ఉందని తెలుస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లకు బంతి ఇవ్వడం తేలిక. ఆమెకు పన్నెండు నిండినప్పుడు, పద్నాలుగు నిండినప్పుడు, పదిహేడు నిండినప్పుడు ఆడటానికి తర్వాతి జట్టు సిద్ధంగా ఉండాలి. అకాడమీ అంటే అది.

బార్సిలోనా అమ్మాయిలు తొలిసారి క్లబ్ మైదానం క్యాంప్ నౌలో ఆడింది 1970 క్రిస్మస్ రోజున. అప్పుడు వాళ్లకు క్లబ్ పేరు కూడా లేదు. మహిళల జట్టును క్లబ్ అధికారికంగా తనలో కలుపుకున్నది 2002లో. క్రీడాకారిణులు ఆటనే వృత్తిగా చేసుకునే ఏర్పాటు 2015లో గానీ రాలేదు. అబ్బాయిల కోసం లా మసియా హాస్టల్ తెరిచింది మాత్రం 1979లోనే. దేశం నలుమూలల నుంచి వచ్చిన కుర్రాళ్లు అక్కడే తిని, పడుకుని, చదువుకుని, ఆడుకునేవారు. అమ్మాయిలు అందులో ఉండటానికి 2021 దాకా ఆగాల్సి వచ్చింది. నలభై రెండేళ్లు!

ఆ ఆలస్యం ఒక కుటుంబం మీద ఎంత బరువు మోపిందో ఐతానా బాల్యంలో కనిపిస్తుంది. ఆమె ఊరు సాంత్ పెరె దె రిబెస్. పద్నాలుగేళ్లకు బార్సిలోనాలో చేరేదాకా ఆమె ఆడింది అబ్బాయిల జట్లలోనే. చేరాక హాస్టల్ లేదు. స్కూలు అయ్యాక తండ్రి తోడు రాగా బస్సుల్లో, రైళ్లలో శిక్షణకు వెళ్లడం, రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరడం. ఆమె తండ్రికి ఆ ఓపిక, ఆ తీరిక ఉన్నాయి. అవి లేని ఇళ్లలోని పిల్లలు ఎంతమంది ఆట మానేశారో ఏ రికార్డులోనూ ఉండదు.

అబ్బాయిలతో ఆడటాన్ని ఆ క్లబ్ ఒక పద్ధతిగానే పెట్టుకుంది. చిన్న వయసు అమ్మాయిల జట్లను అబ్బాయిల లీగుల్లోకి దింపుతుంది. పరుగులో, బలంలో ఎదుటివాడు ముందుంటే బంతిని తొందరగా వదలాలి, ముందే చూసి పెట్టుకోవాలి. ఇది పెద్ద క్లబ్బులకే సాధ్యమనుకోనక్కర్లేదు. కతలోనియాలోనే ఏఈఎం లేయిదా అనే చిన్న క్లబ్ అమ్మాయిల జట్టు 2017లో అబ్బాయిల ప్రాంతీయ లీగునే గెలుచుకుంది.

శిక్షణలో ముఖ్యమైనది రోండో. కొందరు వలయంగా నిలబడతారు, మధ్యలో ఒకరో ఇద్దరో ఉంటారు. వలయంలో ఉన్నవాళ్లు ఒకటి రెండు తాకుల్లోనే బంతిని పక్కవాళ్లకు పంపాలి. మధ్యవాళ్లకు దొరికితే పోగొట్టినవాళ్లు లోపలికి వెళ్లాలి. చూడ్డానికి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. పిల్ల కాలు ఎక్కడ పెడుతోందో చూడాలి. బంతి రాకముందే ఆమె తల భుజం మీదుగా వెనక్కి తిరుగుతుంది, ఒళ్లు ఓరగా మళ్లుతుంది, వచ్చిన బంతి దూరపు కాలికి తగిలి అప్పటికే ఇంకో దిక్కుకు వెళ్తుంటుంది. మిడ్‌ఫీల్డ్‌లో ఐతానా చుట్టూ ముగ్గురు మూగినా జారిపోవడం వెనక ఏళ్లతరబడి ఈ సాధన ఉంది.

పదహారు, పదిహేడేళ్ల ఈడులో ఇంకో మెట్టు ఉంది. బార్సిలోనా ‘బి’ జట్టు స్పెయిన్ రెండో డివిజన్‌లో పెద్దవాళ్లతో తలపడుతుంది. ఎన్నిసార్లు గెలిచినా మొదటి డివిజన్‌కు వెళ్లదు, ఎందుకంటే అసలు జట్టు అక్కడే ఉంది. పిల్లలకు మాత్రం ప్రతి వారం అసలైన మ్యాచ్ దొరుకుతుంది. 2025లో డబ్బుల నిబంధనల వల్ల అసలు జట్టు చిక్కిపోయినప్పుడు క్లారా సెర్రజోర్ది లాంటి టీనేజీ అమ్మాయిలు పైకి వచ్చారు. బయటి నుంచి కొనలేని క్లబ్‌కు సొంత పిల్లలే దిక్కయ్యారు.

సాంకేతిక నేర్పు ఒక్కటే చాలదని బుడాపెస్ట్‌లో తెలిసొచ్చింది. 2019 చాంపియన్స్ లీగ్ ఫైనల్లో లియోన్ జట్టు తొలి అరగంటలోనే నాలుగు గోల్స్ కొట్టింది. 4-1తో ఓడాక శరీర దారుఢ్యం మీద బార్సిలోనా గట్టిగా పనిచేసింది. రెండేళ్లకు చెల్సీని 4-0తో ఓడించి కప్పు ఎత్తింది. 2024 బిల్బావో ఫైనల్లో అదే లియోన్‌ను 2-0తో గెలిచినప్పుడు ఆ రెండు గోల్స్ ఐతానా, అలెక్సియాలవే.

గాయాల సంగతి వేరే చెప్పాలి. మోకాలిలోని ముందు లిగమెంట్ తెగే ప్రమాదం అబ్బాయిలకన్నా అమ్మాయిలకు ఎక్కువ. 2022 జులైలో యూరో టోర్నీ మొదలవబోతుండగా అలెక్సియాకు శిక్షణలో జరిగింది అదే. చిన్న క్లబ్బులు కూడా చేయించగలిగిన ఉపాయం ఉంది: ఫిఫా రూపొందించిన 11 ప్లస్ వామప్. పరుగులు, ఒంటికాలి మీద నిలకడ, దూకి మెత్తగా దిగడం. ఇరవై నిమిషాల పని, ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. గాయాలు తగ్గుతాయని అధ్యయనాలు చెబుతున్నా తీరిక లేదని వదిలేసే కోచ్‌లూ ఉంటారు.

2022 ఏప్రిల్ 22న బార్సిలోనా అమ్మాయిలు వోల్ఫ్స్‌బర్గ్ జట్టుతో ఆడిన మ్యాచ్‌కు క్యాంప్ నౌలో 91,648 మంది కూర్చున్నారు. ఆ జనం ఒక్కరోజులో రాలేదు.

మన సంగతికొస్తే, మనకు సౌమ్య గుగులోత్ ఉంది. నిజామాబాద్ అమ్మాయి. గోకులం కేరళకు ఆడింది, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌లో చేరింది, 2024-25లో ఈస్ట్ బెంగాల్‌తో భారత మహిళల లీగ్ టైటిల్ గెలిచింది. వీటిలో ఏ క్లబ్బూ తెలుగు నేలది కాదు. సౌమ్యను చూసి బూట్లు కట్టుకున్న పదేళ్ల పాప ఆ జిల్లాలో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఆమెకు లా మసియా కట్టనక్కర్లేదు. జిల్లా అండర్-13 అబ్బాయిల లీగులో ఒక అమ్మాయిల జట్టును ఆడనిస్తే చాలు. సాయంత్రం మైదానం నుంచి ఇంటిదాకా ఒక బండి, పైవయసుకు ఇంకో జట్టు. ఖర్చు లెక్కలు వేస్తే ఒక స్థానిక క్లబ్, రెండు మూడు స్కూళ్లు కలిసి ఈ సీజన్‌లోనే మొదలుపెట్టగలిగిన పని.